విన్నవాళ్లు

ఎంసెట్‌లో మెడికల్ సీటు అందని బైపీసీ పిల్లలు ఆ తర్వాత ఏమయ్యారో మనం పెద్దగా పట్టించుకోలేదు. ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు పేపర్లో పడ్డాయి. రానివాళ్లు ఒకటి రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చున్నారు. ఇంట్లో డబ్బూ ఓపికా అడుగంటాక బీఎస్సీ బీజెడ్‌సీలోనో, బీఫార్మసీలోనో చేరారు. డిగ్రీ చేతికొచ్చేసరికి మనిషి ఒంట్లో ఏ నరం ఎటు పోతుందో కొంత తెలిసినవాళ్లే. ఆ తెలివిడితో పనిపడే ఉద్యోగం మాత్రం కనబడలేదు. బ్యాగు తగిలించుకుని మెడికల్ రెప్పుగా తిరగాలి, లేదంటే బీఈడీ చేసి డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాలి. ఆడపిల్లయితే ఈలోగా సంబంధాలు వచ్చేసేవి.

అలాంటివాళ్లకు 1990ల చివర్లో అమీర్‌పేటలో ఒక దారి కనబడింది. మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్ బోర్డుల నడుమ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పుతామనే బోర్డులు లేచాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కాలం అది. కంప్యూటరంటే ఇంజినీర్లదేననుకునే ఆ రోజుల్లో, కప్పను కోసి చూసిన చదువుకు కూడా కంప్యూటర్ ముందు కుర్చీ ఉందని చెప్పింది ఈ పనే. తండ్రులు ఫీజులకు అప్పులు చేశారు. నేనూ ఆ గుంపులో ఒక మనిషిని. ఆ పని ఎలా పెరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు, ఎలా పోయిందో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

పని ఇదీ. అమెరికాలో డాక్టరు రోగిని పరీక్షించి, ఏం చూశాడో ఏం చేశాడో ఫోన్లోనో చిన్న రికార్డర్లోనో చెప్పేస్తాడు. ఆ మాట రాతగా మారి రోగి ఫైల్లోకి చేరాలి. చేరకపోతే రేపు చూసే డాక్టరుకు సంగతి తెలియదు, ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు కట్టదు. చాలాకాలం ఆ పనిని అక్కడి ఆసుపత్రుల రికార్డు గదుల్లో ఆడవాళ్లు చేశారు. 1978లో కాలిఫోర్నియాలో వాళ్లకొక సంఘం కూడా ఏర్పడింది. ఇంటర్నెట్ వచ్చాక గొంతు సముద్రం దాటడానికి నిమిషాలు చాలాయి. అక్కడి సాయంత్రం మనకు తెల్లవారుజాము. వాళ్లు నిద్రపోయే వేళ మేం టైపు చేస్తే, వాళ్లు లేచేసరికి రిపోర్టు సిద్ధంగా ఉండేది. 1990ల నడుమ బెంగళూరులో మొదలైన పని హైదరాబాదుకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

చెవులకు హెడ్‌ఫోను, పాదం కింద పెడలు. నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, పక్కకు తొక్కితే వెనక్కి పోతుంది. చేతులు కీబోర్డు మీంచి లేవకూడదు. జీతం లైన్ల లెక్క. లైనంటే ఖాళీలతో కలిపి 65 అక్షరాలు. టార్గెట్ దాటితే ఇన్సెంటివ్, తప్పులు దొర్లితే కోత. పక్కన స్టెడ్‌మన్స్ నిఘంటువు, మందుల పేర్ల పుస్తకం. తుంటి ఎముకా చిన్నపేగు చివరి భాగమూ ఇంగ్లిష్‌లో ఒకేలా వినబడతాయి, రాతలో ఒక్క అక్షరం తేడా. మింగలేకపోవడం, మాట పడిపోవడం, ఈ రెండూ చెవికి దాదాపు ఒకటే. పదిహేను మిల్లీగ్రాములా యాభై మిల్లీగ్రాములా అన్నది గొంతు చివర ఊపిరి ఎలా ఆగిందన్న దాన్నిబట్టి పోల్చుకోవాలి. ఎడమ మోకాలితో మొదలెట్టిన డాక్టరు ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి కుడి మోకాలంటాడు. అది పట్టుకుని, మార్కు చేసి, పైకి పంపాలి. పట్టుకున్నందుకు వేరే డబ్బు లేదు. పట్టుకునేవాళ్లం.

మొదటి రోజే నేర్పిన నియమం ఒకటుండేది. వినబడనిది ఊహించకూడదు. పదిసార్లు విను, పక్కవాళ్లకు హెడ్‌ఫోను ఇచ్చి వినమను, అప్పటికీ అందకపోతే గీత గీసి ఖాళీ వదిలి, ఫైల్లో ఎన్నో నిమిషం ఎన్నో సెకనో రాయి. మా రాతను సరిచూసే క్యూఏ వాళ్లు వింటారు. వాళ్లకూ అందకపోతే ఆ ఖాళీ డాక్టరు దగ్గరికే పోతుంది. తెలియదని ఒప్పుకునే ఆ ఖాళీని నేను ఈ వృత్తి మొత్తంలో అన్నిటికంటే గౌరవంగా చూస్తాను. ఖాళీలు ఎక్కువైతే మా మార్కులు తగ్గేవి. అయినా ఊహించి నింపినవాళ్లను తోటివాళ్లే క్షమించేవాళ్లు కాదు. అవతల ఉన్నది మనిషి ఒళ్లు.

ఈఎస్‌ఎల్ ఫైళ్లంటే అందరికీ బెదురు. ఇంగ్లిష్ ఇంటిభాష కాని డాక్టర్లవి అవి: కొరియా, నైజీరియా, ఫిలిప్పీన్స్. ఆ వరసలో ఉన్నట్టుండి మనవాళ్ల గొంతు తగిలేది. గుంటూరు మెడికల్ కాలేజీలోనో ఉస్మానియాలోనో చదివి అక్కడ స్థిరపడ్డ డాక్టరు. అన్నేళ్ల అమెరికా కూడా మాట చివరి సాగతీతను చెరిపేయలేదు. మా సెంటర్లో అలాంటి ఫైలు వస్తే నా పక్క కుర్చీ అమ్మాయికే ఇచ్చేవాళ్లు. ఖమ్మం దగ్గరి పల్లెటూరు వాళ్లది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కొద్ది మార్కుల్లో సీటు పోయింది. అదే ఎంసెట్ రాసి గెలిచిన మనిషి ఒహాయోలో నిలబడి గుండె చప్పుళ్ల గురించి చెబుతుంటే, ఈమె ఎస్సార్ నగర్‌లో కూర్చుని ఒక్క ఖాళీ లేకుండా రాసేది. ఆయన ఏ ఊరి వాడో ఈమె యాసనుబట్టి చెప్పేసేది. ఈమె ఒకతె ఉందని ఆయనకు తెలిసే మార్గమే లేదు. రిపోర్టు అడుగున డాక్టరు పేరులోని పొడి అక్షరాలు పెద్దబడిలో, ఒక గీత, ఆ పక్కన టైపు చేసినవాళ్ల అక్షరాలు చిన్నబడిలో. ఆమె ఉనికి అక్కడ ఆ రెండు చిన్న అక్షరాలే.

మేం ఏమేం విన్నామో చెప్పాలంటే చాలా ఉంది, చెప్పకూడదు. అమెరికా 1996లో హిపా చట్టం చేసింది. దాని కింద రోగి గోప్యత నిబంధనలు 2003 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చాయి. మేం కాగితాల మీద సంతకాలు పెట్టాం. పని చేసే హాల్లోకి ఫోను తీసుకెళ్లకూడదు, పెన్నూ కాగితమూ కూడా కూడదు. ఊరూ పేరూ లేకుండా ఈ మాత్రం చెప్పవచ్చనుకుంటాను: డెత్ సమ్మరీలు చెప్పేటప్పుడు కొందరు డాక్టర్లు ఆగిపోయేవాళ్లు. రికార్డరు ఆపేవాళ్లు కాదు. పెడలు నొక్కి ఉంచితే గదిలో ఏసీ చప్పుడూ దూరంగా ఎవరిదో పేజరూ వినబడేవి. ఆ తర్వాత డాక్టరు గొంతు సవరించుకుని చనిపోయిన సమయం చెప్పేవాడు. చంటిపిల్లల ఫైలైతే ఆ రోజు మధ్యాహ్నం మాలో కొందరు డబ్బా తెరిచేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే ఇంట్లో చెప్పడానికి వీల్లేదు. సగం కథలే దొరికేవి మాకు. ఆసుపత్రిలో చేరిన రోజు ఫైలు నాకొస్తే, తర్వాతిది ఇంకో ఊళ్లో ఇంకెవరికో పోయేది. బతికారో లేదో తెలియని మనుషుల్ని మోసుకుంటూ సిటీ బస్సులో ఇంటికొచ్చేవాళ్లం.

అయినా ఆ జీతంతో ఇళ్లు నిలబడ్డాయి. పెళ్లయి విజయవాడ, వరంగల్, గుంటూరు వెళ్లిపోయిన అమ్మాయిలకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక పని ఇంటికే వచ్చింది. నా పక్క కుర్చీ అమ్మాయి ఖమ్మంలో పడకగది మూల ఒక బల్ల, ఒక యూపీఎస్ పెట్టుకుంది. భర్త వ్యాపారం దెబ్బతిన్న ఏడాది ఇంటి ఖర్చూ పిల్లల స్కూలు ఫీజులూ ఆమె లైన్లే మోశాయి. 2012లో గంటల తరబడి కరెంటు కోతలున్నప్పుడు ఇన్వర్టరు ఆగిపోయేలోగా ఫైలు పంపేయాలని పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేది. ఇంటి పనీ ఆఫీసు పనీ ఒకే చెవితో విన్న తరం అది.

మా అన్నం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మాకంటే ముందు ఈ పని చేసిన అమెరికన్ ఆడవాళ్లు చిన్న ఊళ్లలో, ఇళ్లలో, పిల్లల్ని పక్కన పెట్టుకుని ఇలాగే బతికారు. పని మాకొచ్చేకొద్దీ వాళ్ల లైను రేటు పడిపోయింది, తర్వాత ఫైళ్లు రావడం మానేశాయి. మా ఉద్యోగం వాళ్ల ఉద్యోగమే. మేం లాక్కోలేదు, తెచ్చి మాకిచ్చారు. అయినా ఆ బాకీ ఉంది. వాళ్లు దిగిన మెట్లే మేమూ దిగాం, కొంచెం ఆలస్యంగా.

మనిషికీ మనిషికీ మధ్య ఎన్ని చేతులున్నాయో 2003 అక్టోబరులో లోకానికి తెలిసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వైద్యకేంద్రానికి కరాచీ నుంచి ఒక మహిళ మెయిలు పంపింది. తనకు రావాల్సిన డబ్బు ఇప్పించకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానంది, రుజువుగా కొన్ని జతచేసింది. ఆసుపత్రి పని ఇచ్చింది దగ్గర్లోనే ఉన్న ఒక కంపెనీకి. అది ఫ్లోరిడాలో ఒకరికి, అక్కడినుంచి టెక్సాస్‌లో ఇంకొకరికి, అక్కడినుంచి కరాచీకి చేరింది. కొంత డబ్బు ముట్టాక ఆమె బెదిరింపు వెనక్కి తీసుకుంది. ఆమె చేసింది తప్పే. రోగి గుట్టు బయటపెడతాననడం కన్నా ఈ పనిలో పెద్ద ద్రోహం లేదు. కానీ ఆ వార్త చదివిన రోజు మా హాల్లో ఎవరూ ఆమెను తిట్టలేదు. పైనుంచి కిందికి చేతులు మారేకొద్దీ లైను విలువ ఎలా అరిగిపోతుందో, చివరి చేతికి అది కూడా అందకపోతే ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్నవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

2007 చివరికి డాలరు నలభై రూపాయల కిందికి దిగింది. డాలర్లలో సంపాదించి రూపాయల్లో జీతమిచ్చే చిన్న సెంటర్లు ఆ దెబ్బకు ఒక్కొక్కటే తాళాలు వేసుకున్నాయి. అంతకంటే పెద్ద దెబ్బ అప్పటికే సర్వర్లలో తయారవుతోంది.

మాట విని రాసే సాఫ్ట్‌వేర్ కొత్తది కాదు. డ్రాగన్ నేచురల్లీస్పీకింగ్ 1997లోనే వచ్చింది. డాక్టరు దాని ముందు కూర్చుని తప్పులు దిద్దుకోవాలి, అంత తీరిక ఎవరికుంది? 2000ల నడుమ పద్ధతి మారింది. డాక్టరు మామూలుగానే ఫోన్లో చెబుతాడు, యంత్రం వెనకాల డ్రాఫ్టు రాస్తుంది, మేం దిద్దుతాం. మా పేరు ఎడిటర్లయింది, రేటు సగానికి వచ్చింది. సగమే పని కదా అన్నారు. నిజానికి మొదట్నుంచి టైపు చేయడంకన్నా కష్టం అది. తెర మీద అక్షరాలు కనబడుతుంటే చెవి వాటినే వింటుంది, కళ్లను నమ్మకుండా వినడం వేరే శిక్షణ. అంతా ఓపికపట్టాం. మేం దిద్దిన ప్రతి ఫైలూ తిరిగి ఆ యంత్రానికే పాఠంగా పోయేది. ఫలానా డాక్టరు మింగేసిన ఆ శబ్దం ఏ మందో, ఏ ఊరి యాసలో పదిహేను ఎలా పలుకుతుందో దానికి నేర్పింది ఇంజినీర్లు ఒక్కరే కాదు. ఖమ్మంలో పడకగది మూల కూర్చున్న మనిషి కూడా నేర్పింది. గురువుగా ఆమెకు ఎవరూ పైసా ఇవ్వలేదు. దిద్దుబాట్లు తగ్గేకొద్దీ ఆమె విలువా తగ్గింది.

2009 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఆర్థిక ఉద్దీపన చట్టంలో భాగంగా హైటెక్ చట్టం తెచ్చింది. రికార్డుల్ని కంప్యూటర్‌లోకి మార్చుకున్న డాక్టరుకు మెడికేర్ నుంచి ఏళ్ల వాయిదాల్లో 44,000 డాలర్ల దాకా ప్రోత్సాహం. దాంతో డాక్టర్లు చెప్పడం తగ్గించి టిక్కులు పెట్టడం మొదలెట్టారు. పది వాక్యాల కథ చెప్పే చోట పది గడులొచ్చాయి. డాక్టర్లకూ సుఖం లేదు, ఇంటికెళ్లాక రాత్రిళ్లు ఆ గడులు నింపుకుంటూ కూర్చున్నారు. ఫైళ్లు మాత్రం పలచబడ్డాయి. షిఫ్టుకు లాగిన్ అయితే తెర మీద పని లేదన్న మెసేజ్ వచ్చేది. పదే పదే రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చున్న గంటలకు లైన్లుండవు.

కంపెనీలు ఒకదాన్నొకటి మింగాయి. బెంగళూరులో తొలితరం సంస్థ హెల్త్‌స్క్రైబ్‌ను 2004లో స్ఫెరిస్ కొన్నది. 2010 ఫిబ్రవరిలో స్ఫెరిస్ దివాలా పిటిషన్ వేసింది, మెడ్‌క్విస్ట్, సీబే కలిసి దాన్ని కొన్నాయి. ఆ సంస్థే తర్వాత ఎం-మోడల్ పేరు పెట్టుకుని, 2014 మార్చిలో తానూ దివాలా కోర్టు మెట్లెక్కింది. 2019లో జరిగింది మరీ చెప్పుకోవాలి. ఎం-మోడల్‌లో సాఫ్ట్‌వేర్ భాగాన్ని 3ఎం సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నది. విని టైపు చేసే మనుషులున్న భాగం ఆ బేరంలో లేదు. అది విడిపోయి వేరే పేరుతో వేరే సంస్థ అయింది. విన్నవాళ్ల చెవుల నుంచి యంత్రంలోకి పోయినదానికి ధర కట్టారు, చెవుల్ని పక్కన పెట్టారు.

2017 జూన్ 27న నాట్‌పెట్యా మాల్వేర్ ఉక్రెయిన్‌లో పుట్టి దేశాలు దాటింది. అప్పటికి ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద యంత్రం న్యువాన్స్ సంస్థది. దాని ట్రాన్స్‌క్రిప్షన్ వ్యవస్థ వారాలపాటు పడిపోయింది. దాని మీద ఆధారపడ్డ ఆసుపత్రులు వేరే దారులు వెతుక్కున్నాయి, కొందరు డాక్టర్లు తామే టైపు చేసుకోవడం అలవాటు చేసుకున్నారు. వ్యవస్థ లేచి నిలబడ్డాక కూడా వెళ్లిన ఫైళ్లన్నీ వెనక్కి రాలేదు. అదే న్యువాన్స్‌ను 1,970 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2021 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మరుసటి ఏడాది మార్చిలో కొనుగోలు పూర్తయింది. ఇప్పుడు డాక్టరు ఏమీ చెప్పనక్కర్లేదు. గదిలో ఫోను పెట్టుకుని రోగితో మాట్లాడితే చాలు, ఆ మాటలు విని యంత్రమే నోటు తయారుచేస్తుంది.

2024 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ ఒక కథనం రాసింది. ఆసుపత్రుల్లోకి వచ్చిన ఇలాంటి ఒక సాధనానికి ఆధారమైన విస్పర్ అనే సాఫ్ట్‌వేర్, ఎవరూ అనని వాక్యాలను కూడా కొన్నిసార్లు తానే కల్పించి రాస్తోందని పరిశోధకులు కనిపెట్టారట. ఆ సాధనం గోప్యత కోసమని అసలు ఆడియోను చెరిపేస్తుందనీ అందులో ఉంది. అంటే వెనక్కి తిప్పి వినడానికి గొంతే మిగలదు. ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు. ఖాళీ వదిలినందుకు మా మార్కులు తగ్గించిన పరిశ్రమ, ఖాళీ వదలడం రాని యంత్రం చేతిలో రోగిని పెట్టింది. ఈ మాట నేను కోపంతోనే అంటున్నాను.

అమీర్‌పేట బోర్డులు మారాయి. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10 అనే కోడ్‌ల పద్ధతికి మారడంతో రోగనిర్ధారణ కోడ్‌లు 14 వేల చిల్లర నుంచి 69 వేల దాకా పెరిగాయి. కోడర్లకు గిరాకీ వచ్చింది. చిన్నవాళ్లు డాలర్లలో ఫీజు కట్టి పరీక్ష రాసి మెడికల్ కోడింగ్‌లోకి వెళ్లారు. కొందరు వీడియోలో డాక్టరు పక్కనే ఉన్నట్టుగా నోట్సు రాసే స్క్రైబులయ్యారు. నలభై దాటినవాళ్లను ఫ్రెషర్ల జీతానికి రమ్మన్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ఫోన్ చేస్తే పాత కంపెనీ నంబరు పనిచేయదు. పనిచేసిన ఏళ్లకు సాక్ష్యం లేక లెక్కలో సున్నా పడింది. మా బ్యాచ్‌లో ఒకరు స్కూల్లో బయాలజీ చెబుతున్నారు. ఒకాయన మందుల షాపు పెట్టుకున్నాడు, డాక్టర్ల చేతిరాత చదవడంలో ఆయన్ను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. చెవిలో ఎప్పుడూ ఏదో హోరు అనేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

ఖమ్మం ఆమె ఈమధ్య హైదరాబాదు వచ్చింది. కూతురు నర్సింగ్ పూర్తిచేసి జర్మన్ నేర్చుకుంటోంది, ఆ ఖర్చుకు పాత పీఎఫ్ తీసుకుందామని. పీఎఫ్ ఖాతాలో ఆమె పేరు స్పెల్లింగు ఒకలా ఉంది, ఆధార్‌లో ఒకలా ఉంది. ఒక్క అక్షరం. దిద్దాలంటే యజమాని సంతకంతో జాయింట్ డిక్లరేషన్ కావాలన్నారు. ఆ కంపెనీ చేతులు మారి మారి మూతపడింది. బర్కత్‌పుర ఆఫీసులో, కంపెనీ లేదు గనక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తెమ్మన్నారు. తనకు తెలిసిన గెజిటెడ్ అధికారి ఎవరూ లేరంది. నాకు తెలిసిన ఒక ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడిగాను, సోమవారం రమ్మన్నారు.